ముల్కీ, గైర్ ముల్కీ, ఓటరు

నేను చదివినంతలో మన కథల్లో ఎన్నికలంటే సారా, నోట్లు, దొరల జులుం. ఓటర్ల జాబితాలో పేరు ఎవరిది ఎక్కుతుంది, ఎవరిది ఎక్కదు అన్నది కథావస్తువు కావడం అరుదు.

హైదరాబాదులో ఈ ప్రశ్న పాతదే. నిజాం కాలపు ముల్కీ నిబంధనల ప్రకారం బయటివాడు సర్కారు నౌకరీకి అర్హుడు కావాలంటే 15 ఏళ్లు ఇక్కడ నివసించాలి, స్వస్థలానికి తిరిగి వెళ్లే ఉద్దేశం లేదని ప్రమాణపత్రం ఇవ్వాలి. బెజవాడ తెలుగువాడు కూడా గైర్ ముల్కీయే. 1952లో హైదరాబాదు రాష్ట్రం వయోజన ఓటుతో మొదటి శాసనసభను ఎన్నుకున్నప్పుడు మాత్రం, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 21 ఏళ్ల పౌరుణ్ణి అడిగింది 180 రోజుల నివాసమే. ఆ ఏడే ముల్కీ ఉద్యమం రేగింది. దొంగ సర్టిఫికెట్లపై విద్యార్థుల ఆగ్రహం న్యాయమైనదే. కాని నౌకరీకి పదిహేనేళ్ల వాడు ఓటుకు ఆర్నెల్లకే స్థానికుడయ్యాడన్న సంగతి మన చరిత్రకారులు ఇంకా లోతుగా చూడాలి. అంతకుముందు తొలి జాబితాల తయారీలో దేశవిభజన శరణార్థులకు ఆ గడువు కూడా పెట్టలేదు; ఇక్కడే స్థిరపడతామన్న వాఙ్మూలం చాలింది.

ఇప్పుడు చట్టంలో రోజుల లెక్క లేదు, "సాధారణ నివాసి" అన్న మాట ఉంది. ఇల్లు సొంతమైనంత మాత్రాన ఎవరూ సాధారణ నివాసి కారని 20వ సెక్షను. ఫుట్‌పాత్ మీద పడుకునేవాణ్ణి బూత్ అధికారి రాత్రిపూట వచ్చి చూసి, నివాసపత్రం లేకుండానే చేర్చవచ్చని ఎన్నికల సంఘం సూచన.

ఇక నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు. బీహారు, ఒడిశా కార్మికులు ఇక్కడ ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు. కిరాయి కాగితం రాసిచ్చే యజమాని అరుదు. పేరు ఊళ్లోనే ఉంటుంది, రెండుచోట్ల ఉండరాదు. 2025లో బీహారు జాబితాల ప్రత్యేక సవరణలో ముసాయిదా నుంచి సుమారు 65 లక్షల పేర్లు పోయాయి. అందులో 36 లక్షల దాకా శాశ్వతంగా వలసపోయారనో, దొరకలేదనో తీసేసినవి. ఊరు కాదన్నవాణ్ణి నాచారం ఔనందా?

ఉప్పల్ నుంచి అమెరికా పోయినవాడి సంగతి వేరు. 2011 నుంచి, భారత పౌరసత్వం ఉన్నంతకాలం, పాస్‌పోర్టులోని ఉప్పల్ చిరునామా మీదే అతడు ఓటరు కావచ్చు. ఓటేయడానికి మాత్రం స్వయంగా రావాలి. అమెరికా పౌరుడైతే ఆ హక్కు పోతుంది, ఓసీఐ కార్డు దాన్ని తిరిగి ఇవ్వదు. పరదేశి పౌరుడికి ఓటు లేకపోవడాన్ని నేను తప్పుపట్టను. నాచారం కార్మికుడికి పౌరసత్వమూ ఉంది, నివాసమూ ఉంది.

ఉప్పల్ నియోజకవర్గం 2009లో తొలిసారి ఓటేసింది. చిరునామా మార్పుకు ఫారం 8 ఉంది. ఆ గదుల తలుపు తట్టి ఆ ఫారం నింపించిన కార్యకర్త, ఏ జెండా వాడైనా సరే, నాకింకా తారసపడలేదు.