వాణిజ్యనావికుల శౌర్యపతకములు

శౌర్యమనఁగా ఖడ్గపాణియగు యోధుని గుణమని లోకప్రసిద్ధి. ఆయుధధారణము లేక, ధాన్యమును బొగ్గును మోయు నోడలలో యుద్ధకాలమున మృత్యుముఖమునఁ బయనించిన కళాసుల శౌర్యము చరిత్రమునఁ దగినంతగా నెన్నఁబడలేదు.

ఈ విషయము కళింగతీరమునకుఁ బరాయిది కాదు. భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ రేవులనుండి శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల కూలిజనము పొగయోడలపై రంగూనునకుఁ బోవుచుండిరి. 1942 ఏప్రిలు 6వ తేదిని జపానువారి విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు గురిసెను. ఓజావా నౌకాధిపతి దళము ఆ దినములలో బంగాళాఖాతమున నించుమించుగ నిరువది వాణిజ్యనౌకలను ముంచెను.

నావికుల పతకములు ద్వివిధములు: సేవాపతకము, శౌర్యపతకము. మొదటి మహాయుద్ధానంతరము 1919లో బ్రిటిషువారు నెలకొల్పిన కంచుపతకము మొదటి తెఱఁగునకుఁ జెందినది. అపాయస్థలములందు నోడ నడపినవారికి అది యీయఁబడెను. దాని పట్టెయందలి పచ్చ, తెలుపు, ఎఱుపు వన్నెలు నౌక కుడి, స్తంభ, వామదీపముల వన్నెలే. 1940లో లండను లాయిడ్సు సంస్థ స్థాపించిన సముద్రశౌర్యపతకము రెండవ తెఱఁగుది. ఆ యేఁటనే యేర్పడిన జార్జి క్రాసు, జార్జి మెడలులకు సైనికేతరులును, కావున వాణిజ్యనావికులును, అర్హులైరి.

అయినను జార్జి మెడలు 1977వఱకు జీవించియున్నవారికే లభించెడిది. ఇందలి చిక్కు స్పష్టము. శౌర్యము చూపి బ్రదికినవానికిఁ బతకము. చూపి మునిగినవానికి నది లేదు. మఱియు శౌర్యమునకు సాక్షి కావలెను. నడిసంద్రమున నోడతోఁగూడ నందఱును మునిఁగిన యెడల సాక్షి యెవఁడు?

లష్కరను పారసీకపదమునకు సేన యని యర్థము. అదియే యాంగ్లమున లాస్కరై హిందూదేశపు టోడకళాసికి నామమయ్యెను. పదమున సేన యున్నను, పదవాచ్యుఁడు సైనికుల లెక్కలోఁ జేరఁడయ్యెను. రెండవ మహాయుద్ధమున మృతులైన హిందూదేశ వాణిజ్యనావికులలో సుమారు 6000 మంది నామములు బొంబాయి, చిట్టగాంగు స్మారకముల పట్టికలలో లిఖితములై యున్నవి.

శాంతికాలమునందును సముద్రము శత్రువే. 2015 జూనులో కాకినాడ మత్స్యకారుల దుర్గమ్మ యను పడవ, యంత్రము చెడి, లంగరు పోయి, కొట్టుకొనిపోయెను. అన్నోదకములు తరంగములపాలు కాఁగా నందలి యేడుగురు చేపలకై యుంచిన మంచుగడ్డలతోఁ బ్రాణములు నిలుపుకొనిరి. 22వ తేదిని, శ్రీకాకుళతీరమున కుత్తరమున నున్న గోపాలపురము చెంత, సంపూర్ణ స్వరాజ్య యను తైలనౌకవారు దానిని గాంచిరి. 25 అడుగులకు మించిన తరంగములలో మూఁడు ప్రయత్నములకు గాని యెల్లరు నోడ నెక్కింపఁబడలేదు. కప్తాను రాధికా మీనన్‌కు 2016లో అంతర్జాతీయ సముద్రయానసంస్థ శౌర్యపురస్కార మొసఁగెను. దానిని బొందిన ప్రథమవనిత యామెయే.

ఇచ్చట రక్షకులును రక్షితులును జీవించి యుండిరి. కావున కార్యము లోకమునకుఁ దెలిసెను. 1942 నాఁటి మృతులకు నా భాగ్యము లేదు. కావునఁ బతకముల పట్టిక మాత్రమే శౌర్యచరిత్రము గాదు. మృతుల నామావళియు దానిలో నొక యధ్యాయమని చరిత్రకారులు గ్రహింపవలెను.