ప్లేగు ఎలుక, ల్యాబు ఎలుక, మా ఇంటి ఎలుక

మా తాండూరులో ఎవరితోనైనా "ఎలుకల్ని పెంచుకుంటున్నా" అని చెప్పి చూడండి. ముందు నవ్వుతారు. తర్వాత "దేనికి, పాముకెయ్యటానికా?" అని అడుగుతారు. వాళ్ళ తప్పేం లేదు. కంది పండే నేల అది. 2022 డిసెంబర్లో తాండూరు కందికి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, సంచుల్లో కట్టిన కందుల్ని రాత్రికి రాత్రి కొరికి నేలపాలు చేసేది ఎలుక. మా అమ్మ నలభై ఏళ్ళ సంసారంలో బోనులు, మందుబిళ్ళలు, పిల్లులు, అన్ని ఆయుధాలూ వాడింది. గెలిచానని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

అలాంటింట్లో పుట్టిన నేను రెండేళ్ళకు పైగా వికారాబాదులో ఎలుకల్ని పెంచుతున్నాను. మా పాప అడిగింది, తెచ్చాం. రెండు ఆడవి, తెల్లవి. పేర్లు బూందీ, జున్ను. పేర్లు పాపవే, నన్నేం అనకండి :) ఆఫీసు పని సగం రోజులు ఇంటి నించే కాబట్టి వాటితో ఎక్కువ కాలక్షేపం చేసింది నేనే. కాలక్షేపం ముదిరి చరిత్ర చదవటం దాకా వెళ్ళింది. అసలీ జంతువు మన చేతిలోకి ఎలా వచ్చింది? ఎవరు మొదట ముద్దు చేశారు? తవ్వుతుంటే దారి తిరిగి తిరిగి మా ఊరి రైలు పట్టాల మీదికీ, హైదరాబాదు తార్నాకకీ వచ్చింది. అందుకే ఇదంతా రాయటం.

ముందు ఒక చిక్కు తీసేద్దాం. మన ఇళ్ళ అటకల మీద తిరిగేదీ, బోనుల్లో పెంచుకునేదీ ఒకటి కాదు. మన అటక మీదది నల్ల ఎలుక. దాని పుట్టిల్లు మన ఉపఖండమే. ఇక్కడి నించి ధాన్యం ఓడల్లో, బళ్ళలో రోమన్ల కాలానికే యూరప్ చేరింది. పెంపుడుది గోధుమరంగు ఎలుక సంతతి. దాని స్వస్థలం ఉత్తర చైనా, మంగోలియా ప్రాంతం. శాస్త్రీయనామం మాత్రం 'రాటస్ నార్వెజికస్'. 1769లో జాన్ బెర్కెన్‌హౌట్ అనే ఇంగ్లీషాయన అది నార్వే నించి వచ్చిందనుకుని ఆ పేరు పెట్టాడు. అది తప్పని తేలినా పేరు మార్చలేదు. పదేళ్ళ కింద ఎవరో పెట్టిపోయిన వేరియబుల్ పేరు తప్పని తెలిసినా ముట్టుకోటానికి భయపడతాం చూడండి, అదే కథ.

ఇప్పుడు రైలు సంగతి. వాడి నించి సికింద్రాబాదుకు నిజాం రైలు మార్గం 1874లో తెరిచారు. బొంబాయి నించి హైదరాబాదుకు ఆ దారిలో రావాలంటే తాండూరు, వికారాబాదు దాటాల్సిందే. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. అప్పుడు నిజాం ప్రధానమంత్రి వికార్ ఉల్ ఉమ్రా. వికారాబాదుకు ఆ పేరు వచ్చింది ఆయన వల్లేనంటారు. దక్కను పల్లెల్లో జనానికి అప్పటికే ఒక సంగతి తెలుసు: ఇంట్లో ఎలుకలు వాటంతటవే రాలిపోతుంటే ఊరు వదిలి పొలాల్లో గుడిసెలేసుకోవాలి. డాక్టర్లకి ఇంకా తెలీదు. వాళ్ళు గాలిననీ మురికిననీ అనుకుంటూ ఇళ్ళకి సున్నాలు కొట్టిస్తూ, సామాన్లు తగలబెట్టిస్తూ ఉన్నారు. 1898లో పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు కరాచీలో చిన్న ప్రయోగం చేశాడు. ప్లేగు ఎలుకని ఒక గాజుజాడీలో పెట్టి, దానికి తగలకుండా వేరు చేసి ఆరోగ్యంగా ఉన్న ఎలుకని ఉంచాడు. దూకగలిగింది గోమారు ఒక్కటే. రెండో ఎలుకకీ జబ్బు వచ్చింది. ఆయన మాట చాలామంది నమ్మలేదు, నమ్మటానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

ఇందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. ప్లేగు కథలో ఎలుక విలన్ అని చిన్నప్పటి నించీ విన్నాం. కానీ మనిషి కంటే ముందు చచ్చింది ఎలుకే. గోమార్లు ఎలుక చల్లబడ్డాకే మన మీదికి దూకాయి. ప్లేగు 1911లో హైదరాబాదు నగరాన్ని గట్టిగా కొట్టింది. అంతకు మూడేళ్ళ ముందే మూసీ వరద. ఆ రెండు దెబ్బల తర్వాతే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది, ఇరుకు బస్తీలు పడగొట్టారు. దేశం మొత్తం మీద ఆ ప్లేగులో కోటి మందికి పైగా పోయారు. రాలిన ఎలుకల లెక్క ఎవరు రాస్తారు?

సరిగ్గా అదే కాలంలో, 1901లో, ఇంగ్లండులో ఆయిల్స్‌బరీ అనే ఊళ్ళో ఎలుకల అందాల పోటీ జరిగింది! మేరీ డగ్లస్ అనే ఆవిడ అప్పటిదాకా చిట్టెలుకలకే ఉన్న నేషనల్ మౌస్ క్లబ్బు వాళ్ళని ఒప్పించి పెద్ద ఎలుకలకి కూడా ప్రదర్శనలో చోటిప్పించింది. తన నలుపు తెలుపు ఎలుకకి బహుమతి తెచ్చుకుంది. 1912కల్లా క్లబ్బు పేరులో ఎలుక కూడా చేరింది. ఆవిడ 1921లో పోయాక ఆ సరదా సన్నగిల్లిపోయి, మళ్ళీ 1976లో నేషనల్ ఫ్యాన్సీ ర్యాట్ సొసైటీతో లేచింది.

మేరీ డగ్లస్ కంటే ముందు జాక్ బ్లాక్ ఉన్నాడు. విక్టోరియా రాణి ఎలుకలు పట్టేవాడినని చెప్పుకునేవాడు. ఆ రోజుల్లో లండన్ సారాకొట్లలో గుంటలోకి ఎలుకల్ని వదిలి కుక్కతో చంపించటం పందెం. అందుకు వందలకొద్దీ బతికున్న ఎలుకలు కావాలి. పట్టేవాళ్ళకి తెల్లవీ, మచ్చలవీ, వింత రంగులవీ తగిలితే చంపకుండా పక్కన పెట్టి పిల్లలు పెట్టించేవాళ్ళు. జాక్ బ్లాక్ వాటిని మచ్చిక చేసి, బాగా కలిగినింటి అమ్మాయిలకి అమ్మాడు. 1851 ప్రాంతంలో హెన్రీ మేహ్యూ అనే జర్నలిస్టు ఇతన్ని కలిసి వివరంగా రాసుకున్నాడు. రచయిత్రి బియాట్రిక్స్ పాటర్‌ది కూడా ఈ దారే, 1908లో ఒక పుస్తకాన్ని తన పెంపుడు ఎలుక సామీకి అంకితమిచ్చింది.

ఇంగ్లీషువాళ్ళే మొదలా అంటే కాదు. జపాన్‌లో ఒసాకా వర్తకులు వాళ్ళకంటే ముందు. ఎలుకల్ని ఎలా పెంచాలి, ఏ రంగుకి ఏ రంగు కలిపితే ఏం పుడతాయి అని 1775లో ఒకటి, 1787లో ఒకటి, రెండు పుస్తకాలే అచ్చయ్యాయి అక్కడ. మెండెల్ బఠానీలకి ఎనభై ఏళ్ళ ముందు మాట. మనకేమో వినాయకుడి వాహనంగా దండం పెట్టటం తెలుసు, రాజస్థాన్ దేశ్‌నోక్‌లో కర్ణీమాత గుళ్ళో వేల ఎలుకలకి పాలు పోయటం తెలుసు. ఇంట్లో పెంచుకున్న సంప్రదాయం మాత్రం నాకెక్కడా కనపళ్ళేదు. చట్టం కూడా అలాగే ఉండేది. 1972 వన్యప్రాణి చట్టం 5వ షెడ్యూల్లో కాకి, గబ్బిలంతో పాటు ఎలుకని 'హానికర జంతువు' కింద రాశారు. 2022 సవరణలో ఆ షెడ్యూలే ఎత్తేశారు.

ఇక ల్యాబు. 1856లో పారిస్‌లో ఫిలిపో అనే ఆయన తెల్ల ఎలుకల మీద అడ్రినల్ గ్రంథుల ప్రయోగం చేశాడు. 1906లో ఫిలడెల్ఫియాలో విస్టార్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ప్రయోగాలకనే ఒక తెల్ల వంశాన్ని నిలబెట్టారు. 2012లో జపాన్ పరిశోధకులు ప్రపంచంలోని ల్యాబు తెల్ల ఎలుకల జన్యువులు చూస్తే, వాటన్నిట్లో 'ముసుగు ఎలుక' మార్పు ఉంది. అంటే తలా భుజాలూ నల్లగా, ఒళ్ళు తెల్లగా ఉండే రకం. తెలుపు పైన సున్నంలాగా కప్పేసింది గానీ కింద ఆ పాత రంగుబొమ్మ అలాగే ఉంది. ముసుగు రంగు అడవిలో నిలబడేది కాదు, ఎవరో ముచ్చటపడి దాచి పెంచితేనే నిలిచేది. అంటే వరస ఇది: ముందు పెంపకం, తర్వాత ప్రయోగం. సైన్సుకి దొరికిన ఎలుక అప్పటికే మనిషి చేతికి అలవాటు పడిన ఎలుక. దాన్ని నమ్మించి ఇచ్చింది మనమే అనిపిస్తుంది నాకు.

ఆ విస్టార్ వంశమే మనదాకా వచ్చింది. రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు 1918లో నీలగిరుల్లో కూనూరులో బెరిబెరి మీద చిన్న పరిశోధనశాల పెట్టాడు. దాంట్లో 1920ల నాటి నించి పెంచిన తెల్ల ఎలుకలే, ఆ సంస్థ 1958లో హైదరాబాదు వచ్చినప్పుడు వాటి వంశం కూడా వచ్చింది. తార్నాకలో మనం రోజూ దాటిపోయే జాతీయ పోషకాహార సంస్థ అదే, 1969 నించి ఆ పేరు. 1990ల్లో ఆ వంశంలోనే విపరీతంగా లావెక్కే ఎలుకలు పుట్టాయి. కొన్ని కిలో దాటాయి. ఊబకాయం పరిశోధనకి వాటికి మంచి పేరు.

మెకారిసన్ చేసిన ప్రయోగం ఒకటి చెప్పి తీరాలి. ఎలుకల్ని గుంపులు చేసి ఒక గుంపుకి సిక్కుల తిండి, ఒక గుంపుకి పఠాన్లది, మరాఠాలది, గూర్ఖాలది, కన్నడిగులది, బెంగాలీలది, మద్రాసీలది, ఇలా పెట్టాడు. 140 రోజులయ్యాక తూచాడు. గోధుమరొట్టె, వెన్న, పాలు, పప్పు, పచ్చికూరలు తిన్న సిక్కు ఎలుకలు మొదటి ర్యాంకు. పాలిష్ బియ్యం తిన్న మద్రాసీ ఎలుకలు ఆఖరు. అప్పటి లెక్కలో కోస్తా, సీమ తెలుగువాళ్ళంతా మద్రాసీలే. మా తాండూరు నిజాం రాజ్యంలో గుల్బర్గా జిల్లా కింద ఉండేది, 1956లో గానీ ఇటు రాలేదు. కాబట్టి జొన్నరొట్టె తినే మాకు ఆ పరీక్షలో సీటే లేదు. కానీ జొన్న వంతు కూడా వచ్చింది. జొన్న మీదే బతికే దక్కను పేదల్లో పెల్లగ్రా అనే చర్మరోగం ఎందుకొస్తోందని సి. గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో లూసిన్ అనే అమైనో ఆమ్లం మీద అనుమానం పెట్టారు. 1965లో అదే సంస్థలో లూసిన్ ఎక్కువ పెట్టి ఎలుకల్లో చూశారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత వాదాలు నడిచాయి, అది వేరే కథ. మా జొన్నరొట్టె తగాదా తీర్చటానికి కూడా తెల్ల ఎలుకే వెళ్ళిందన్నది నాకు కావాల్సిన ముక్క.

ఎలుకే ఎందుకు? మెకారిసన్ లెక్క తేలిగ్గా చెప్తుంది. ఎలుకకి 140 రోజులంటే మనిషికి దాదాపు 12 ఏళ్ళు. మనం ముసలివాళ్ళమయ్యేదాకా ఆగకుండా రెండేళ్ళలో ఒక జీవితం మొత్తం చూడొచ్చు. తొందరగా పెరుగుతుంది, తొందరగా పోతుంది. సైన్సుకి అదే వరం.

పెంచుకునేవాడికి అదే శాపం. బోను తలుపు తీస్తే భుజమెక్కుతాయి, మీటింగులో ఉంటే టీషర్టు మెడలోంచి తల బయటపెడతాయి. సంతోషమొస్తే పళ్ళు కొరుకుతాయి, అప్పుడు కళ్ళు లోపలికీ బయటికీ ఊగుతాయి, చూసినవాళ్ళు జడుసుకుంటారు. చక్కిలిగిలి పెడితే మన చెవికందని సన్నటి కూతతో 'నవ్వుతాయని' 1990ల చివర్లో జాక్ పాంక్సెప్ కనిపెట్టాడు. 2019లో బెర్లిన్‌లో మనుషులతో దాగుడుమూతలు కూడా నేర్పించారు. ఇంత ఇచ్చి, రెండు మూడేళ్ళలో వెళ్ళిపోతాయి. ఆడవాటికి రొమ్ముగడ్డలు మామూలు. మైకోప్లాస్మా అనే ఊపిరితిత్తుల జబ్బు దాదాపు అన్నిట్లో దాగుంటుంది. అనంతగిరి గాలి లక్ష రోగాలకి మందని వికారాబాదులో అంటారు. కొండమీద టీబీ ఆసుపత్రి కూడా అందుకే కట్టారు. ఆ గాలి ఎలుకలకి పనిచెయ్యలేదు.

బూందీ పొట్ట పక్కన బఠానీగింజంత గడ్డ తగిలింది. నెలన్నరకి నిమ్మకాయంత. నేను వెళ్ళిన మొదటి ఇద్దరు డాక్టర్లు కుక్కలకీ పశువులకీ చూస్తామన్నారు. హైదరాబాదులో కుందేళ్ళకి చూసే ఒకాయన దొరికి ఆపరేషన్ చేశాడు. నాలుగు నెలలు బాగుంది. తర్వాత ఇంకో వైపు వచ్చింది. రెండో ఆపరేషన్‌కి ఒళ్ళు తట్టుకోదన్నాడు. రెండేళ్ళ రెండు నెలలకి, ఒక మంగళవారం స్టాండప్ కాల్ అయ్యేలోపు నా ఒళ్ళోనే పోయింది. కెమెరా ఆఫ్ చేశాను. పాపకి బడి నించి వచ్చాక చెప్పాం.

ఎలుక ఒంటరిగా బతకదు. కాబట్టి జున్నుకి తోడు కావాలి. చిన్నదాన్ని తెస్తే, జున్ను పోయాక ఆ చిన్నది ఒంటరిది. దానికింకోటి. ఈ లూప్‌కి బ్రేక్ ఎక్కడ పెట్టాలో నాకింకా తెలీదు, ప్రస్తుతానికి చిన్నదాన్ని తెచ్చాం.

మొన్న మేలో వాటిని తీసుకుని తాండూరు వెళ్ళాం. ఎలుకలకి చెమట పట్టదు, వేడికి తోకే వాటి రేడియేటర్. కరెంటు పోయింది. బోనులో జున్ను సాగిలబడిపోయి ఉంది. అమ్మ కాసేపు చూసి, పెరట్లో మిగిలిన తాండూరు బండ ముక్క ఒకటి కడిగి, తడిగుడ్డలో చుట్టి కాసేపుంచి, గుడ్డ తీసి "ఇది లోపల పెట్టురా, దాని మీద పండుకుంటది" అంది. పండుకుంది. సాయంత్రం దాని వయసెంతని అడిగితే, రెండేళ్ళ నాలుగు నెలలు, మెకారిసన్ లెక్కన మనిషికి డెబ్బై మూడని చెప్పాను.

"గట్లనా, నా ఈడుదే," అని, మెత్తగా ఉడికిన కందిపప్పు, ఉప్పు వెయ్యకముందుదే, చెంచాడు తీసి పక్కన పెట్టింది.