కెనడా పీఆర్: ప్రావిన్స్ నామినేషన్ వస్తే పాయింట్లు ఎలా మారతాయి?

కెనడాలో స్థిరపడాలనుకునే చాలామందికి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పేరు తెలుసు. 2015 జనవరిలో మొదలైన ఈ విధానంలో వయసు, చదువు, ఉద్యోగ అనుభవం, భాషా పరీక్ష స్కోరును బట్టి మొత్తం 1,200కు పాయింట్లు వేస్తారు. దీన్నే సీఆర్ఎస్ స్కోరు అంటారు. 30 ఏళ్లు వచ్చాక వయసు పాయింట్లు ఏటా తగ్గుతూ పోతాయి. ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లను కూడా 2025 మార్చి 25 నుంచి తీసేశారు. దాంతో అందరి చూపు ప్రావిన్స్ నామినేషన్ మీద పడింది.

600 పాయింట్ల లెక్క

ప్రావిన్స్ అంటే మన రాష్ట్రం లాంటిది. అంటారియో, అల్బర్టా, సస్కాచెవాన్ లాంటివి తమకు కావలసిన నైపుణ్యం ఉన్నవారిని ఎంపిక చేసుకుంటాయి. క్యుబెక్‌ది వేరే పద్ధతి, నునావుట్‌లో ఈ పథకం లేదు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో ముడిపడిన నామినేషన్ వస్తే ఒకేసారి 600 పాయింట్లు కలుస్తాయి. 440 ఉన్నవారి స్కోరు 1,040 అవుతుంది. పిలుపు దాదాపు ఖాయమే.

అయితే 'బేస్' అనే మరో రకం నామినేషన్ ఉంది. దానికి ఈ పాయింట్లు రావు. పీఆర్ దరఖాస్తు విడిగా పెట్టుకోవాలి. ఏజెంటుకు డబ్బు కట్టేముందు తమది ఏ రకమో అడిగి తెలుసుకోవాలి.

గుర్తుంచుకోవాల్సినవి

నామినేషన్ వచ్చాక 30 రోజుల్లో ఆన్‌లైన్‌లో ఒప్పుకోవాలి. ఫెడరల్ పిలుపు వచ్చాక దరఖాస్తుకు 60 రోజుల గడువు ఉంటుంది. నిఖానామా ఉర్దూలో ఉంటే ఇంగ్లీషు లేదా ఫ్రెంచ్ అనువాదం ముందే సిద్ధం చేసుకోవడం మంచిది.

నామినేషన్ అంటే పీఆర్ కాదు. ఆరోగ్య, పోలీసు, భద్రతా తనిఖీలు చేసి చివరి నిర్ణయం తీసుకునేది ఫెడరల్ ప్రభుత్వమే. "నామినేషన్ గ్యారంటీ" అని ఎవరైనా లక్షలు అడిగితే నమ్మొద్దు. ఆ గ్యారంటీ ఇచ్చే అధికారం ఏ ఏజెంటుకూ లేదు.

నామినేట్ చేసిన ప్రావిన్స్‌లోనే ఉండాలన్న ఉద్దేశం నిజంగా ఉండాలి. అల్బర్టా పేరు చెప్పి, మనసులో టొరంటో పెట్టుకుని దరఖాస్తు చేస్తే అది తప్పుడు సమాచారం కిందికి రావచ్చు. అలా తేలితే 5 ఏళ్ల పాటు నిషేధం పడుతుంది. బ్యాంకులో చూపే సెటిల్‌మెంట్ డబ్బు కూడా సొంతదై ఉండాలి. బంధువుల దగ్గర అప్పు తెచ్చి చూపిస్తే చెల్లదు.

ఇల్లు తాకట్టు పెట్టే ముందు, బంగారం అమ్మే ముందు కుటుంబమంతా కూర్చుని ఈ లెక్క చూసుకోవాలి.