పళ్ళు పీకిన వైద్యం, పేగుల పరిశోధన

1913లో నొగుచి, మూర్ అనే ఇద్దరు పరిశోధకులు మతిభ్రమణంతో చనిపోయిన కొందరి మెదళ్ళలో సిఫిలిస్ క్రిములను పట్టి చూపించారు. మిగతా మనోవ్యాధుల వెనకా ఏదో ఒక క్రిమి దాగి ఉంటుందన్న ఆశ అక్కడ బలపడింది. పేగుల్లో కుళ్ళిన పదార్థం నుంచి విషం ఒంటికి పడుతుందన్న వాదం అప్పటికే ఉంది. లండన్‌లోని బెత్లెం ఆసుపత్రిలో ఫిలిప్స్ అనే వైద్యుడు 1910 నాటికే దిగులు జబ్బుకు లాక్టిక్ బ్యాక్టీరియా ఇచ్చి చూశాడు.

ఆ ఆశ అమెరికాలో, న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక వైద్యశాలలో ఘోరంగా పరిణమించింది. 1907లో దాని బాధ్యత చేపట్టిన హెన్రీ కాటన్ సామాన్యుడు కాడు. మ్యూనిక్‌లో పేరుమోసిన మనోవైద్యులు క్రెపెలిన్, ఆల్జైమర్‌ల దగ్గర నేర్చుకున్నవాడు. రోగుల కట్లు విప్పించినవాడు. అలాంటివాడే, చీము పట్టిన చోటి నుంచి విషం మెదడుకెక్కుతోందని నమ్మి వాళ్ళ పళ్ళు పీకించాడు, టాన్సిల్స్ తీయించాడు, అప్పటికీ నయం కాకపోతే పెద్దపేగు కోయించాడు. యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో ఆ కోతతో ఎందరో చనిపోయారు. అయినా నూటికి 85 మంది కోలుకుంటున్నారని ప్రకటించుకున్నాడు. సొంత కొడుకుల పళ్ళూ పీకించాడంటే అతని నమ్మకాన్ని శంకించలేం. లెక్కల్నే శంకించాలి.

ఆ పని మనోవైద్యురాలు ఫిలిస్ గ్రీన్ఏకర్ చేశారు. 1924లో కాటన్‌కు గురువైన మనోవైద్యుడు అడాల్ఫ్ మేయర్ పంపగా ట్రెంటన్‌కు వెళ్ళిన ఆమెకు వార్డుల్లో బోసినోటితో నమలలేక, మాట స్పష్టంగా పలకలేక అవస్థపడే మనుషులు ఎదురయ్యారు. రికార్డులు తిరగేస్తే, కోలుకున్నవాళ్ళకు జరిగిన చికిత్స తక్కువ, చనిపోయినవాళ్ళకూ బాగుపడనివాళ్ళకూ జరిగింది ఎక్కువ అని తేలింది. మేయర్ ఆ నివేదికను బయటికి రానివ్వలేదు. కాటన్ పొరపాటు కన్నా ఈ మౌనాన్నే నేను క్షమించలేను.

ఆ తరువాత చాలాకాలం పేగుల ఊసు వెనకబడింది. 2004లో జపాన్‌లోని క్యూషు విశ్వవిద్యాలయంలో సుడో బృందం క్రిములే సోకకుండా పెంచిన ఎలుకలను కదలకుండా బంధిస్తే, వాటిలో ఒత్తిడి హార్మోన్లు మామూలు ఎలుకల్లో కన్నా ఎక్కువగా పెరిగాయి. పేగుల్లో ఉండే బిఫిడోబ్యాక్టీరియా ఇస్తే ఆ తేడా పోయింది. ఈసారి ఊహ కాదు, కొలత.

మనోవ్యాధికి మూలం ఒంట్లో ఉండవచ్చనడానికి ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంట్లో రేగే వాపు వైపు నుంచీ ఆధారం వచ్చింది. ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే ఇంటర్‌ఫెరాన్ అనే మందు తీసుకున్న హెపటైటిస్ రోగుల్లో చాలామందికి డిప్రెషన్ వచ్చేది. మరి ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచివేస్తే? మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందిపై ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందును పరీక్షించి 2013లో ఫలితం ప్రకటించారు. మొత్తం మీద ఉత్తుత్తి మందు కన్నా అది మెరుగేమీ కాదు. రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే సి-రియాక్టివ్ ప్రొటీన్ ఎక్కువగా ఉన్నవాళ్ళకు మాత్రం మేలు చేసే సూచన కనిపించింది. ఇన్‌ఫ్లమేషన్ లక్షణాలున్న బైపోలార్ రోగులనే ఎంచుకుని చేసిన మరో ట్రయల్ 2019లో వెలువడింది. అందులోనూ ఆ మందు నెగ్గలేదు.