నగరాన్ని మోసిన సైకిలు

సైకిలు చరిత్ర వ్రాసినవారు సాధారణంగా దానిని ఎక్కి తిరిగినవారి చరిత్రనే వ్రాసినారు. పందెములు, దేశాటనలు, స్త్రీలు తొలిసారి సైకిలెక్కిన నాటి సంచలనం - ఇవన్నీ గ్రంథాలకెక్కినవి. అదే సైకిలుపై పాలు, మాంసం, రొట్టెలు, పత్రికలు, బియ్యపు బస్తాలు, బొగ్గు నగరాలలో ప్రవేశించిన కథకు మాత్రం అంతటి గౌరవం లభించలేదు. నేటి ప్రసంగంలో ఆ రెండవ కథను కొంత చెప్పుకుందాం.

తొలినాటి సైకిలుకు ముందు చక్రం ఇంచుమించు మనిషి భుజమెత్తు వుండేది. దానిపై మనిషి నిలువడమే గగనం. ఇక మూట మాట చెప్పనక్కరలేదు. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణంలో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలూ దాదాపు సమానంగా వుండి, గొలుసు సాయంతో వెనుక చక్రం తిరిగే 'రోవర్' సైకిలును తెచ్చినాడు. 1888లో బెల్‌ఫాస్టులోని పశువైద్యుడు డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందినాడు. మనిషి నేలకు దగ్గరైనాడు. చక్రం గతుకును ఓర్చుకున్నది. సైకిలు బరువు మోయగలగడానికి ఈ రెండే పునాది.

అయితే బరువును ఎక్కడ పెట్టవలెనన్నది వేరే ప్రశ్న. హ్యాండిలుకు తగిలించిన బుట్టలో పది కిలోలు వేసి మలుపు తిరగడానికి ప్రయత్నించినవారికి ఆ చిక్కు తెలుసు. అప్పుడు సైకిలును త్రిప్పేది మనిషి కాదు, బుట్ట. ఇంగ్లండులోని మాంసపు అంగళ్ళవారికీ, రొట్టెల వర్తకులకూ సైకిళ్ళు తయారుచేసినవారు దీనికొక చక్కని ఉపాయం కనుగొన్నారు. ముందు చక్రాన్ని చిన్నది చేసినారు. అందువల్ల దానిమీద పెద్ద బుట్ట క్రిందుగా అమరినది. బుట్ట చట్రాన్ని హ్యాండిలుకు గాక సైకిలు ఫ్రేముకే బిగించినారు; చక్రం తిరిగినా బుట్ట తిరగదు. ఫ్రేము నడిమి ఖాళీలో ఒక రేకు పలక, దానిమీద అంగడి పేరు. బడి విడిచిన పద్నాలుగేళ్ళ కుర్రవానికి ఆ రోజులలో అటువంటి సైకిలు తొక్కడమే తరచు మొదటి ఉద్యోగం. 1920లలో లండను వీధులలో మొదలైన 'వాల్స్' కంపెనీవారి ఐస్‌క్రీం బండ్లు, మూడు చక్రాలవి, 1939 నాటికి దేశమంతటా 8,500 వరకు పెరిగినవి.

పారిస్ నగరంలో పత్రికలు మోసేవారు ముద్రణాలయాల నుండి అంగళ్ళకు తడి ఆరని పత్రికలతో పరుగెత్తేవారు. వారి కోసం పందెములు కూడా నడిచినవి; సైకిలుపై పత్రికల కట్టను మోస్తూనే గెలువవలెను.

బరువు సైకిలుకు రాజధాని అనదగినది మాత్రం డెన్మార్కులోని కోపెన్‌హేగన్. అక్కడ 'లాంగ్ జాన్' అనే పొడుగాటి సైకిలు ప్రచారంలోనికి వచ్చినది. హ్యాండిలుకూ ముందు చక్రానికీ నడుమ దూరం పెంచి, ఆ నడిమి భాగాన్ని దాదాపు నేలను ఆనునంతగా దించినారు. నూరు కిలోల బరువు పెట్టినా అది మోకాలి క్రిందనే వుంటుంది. ముందు చక్రాన్ని త్రిప్పడానికి బరువు క్రిందుగా ఒక పొడుగాటి కడ్డీ వుంటుంది. ఇంతటి సరళమైన పరిష్కారాన్ని చూచినప్పుడు, ఇది ముందే ఎవరికీ ఎందుకు తోచలేదా అనిపిస్తుంది. 1940లో జర్మనీ సేనలు డెన్మార్కును ఆక్రమించిన తరువాత పెట్రోలు కరవైనది. నగరపు సరకులో చాలా భాగం ఈ సైకిళ్ళమీద పడినది. వీటిని తొక్కేవారిని 'స్వాయర్లు' అనేవారు. 1942లో వారికి ఒక పందెం ఏర్పడినది. మొదట ఖాళీ సైకిలుతోనూ, తరువాత బరువులు కట్టుకొనీ పరుగు. 1960 వరకు ఆ పందెం జరిగినది. ఆపైన మోటారు వ్యానులు వచ్చి స్వాయర్లను ఇంటికి పంపినవి. 2009లో దానిని తిరిగి ప్రారంభించినప్పుడు పాల్గొన్నవారిలో చాలమందికి అది జీవనోపాధి కాదు, వేడుక.

మన దేశానికి వచ్చిన సైకిలు వేరు జాతిది. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, సుమారు ఇరవై కిలోల ఇనుము. దొరల గుమాస్తాలూ, తపాలా జవానులూ ఎక్కడానికి ఉద్దేశించినది. మొదట బర్మింగ్‌హాం, నాటింగ్‌హాంల నుండి ఓడలలో దిగినది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మద్రాసు దగ్గర అంబత్తూరులోనూ, సోనీపత్‌లోనూ, లూథియానాలోనూ కర్మాగారాలు వెలసినవి. లూథియానాలోని హీరో కంపెనీ 1956లో ఆరంభమైనది. ఈ సైకిలులో బరువుకు పనికివచ్చే రహస్యం ఒకటి వున్నది: ముందు చక్రానికి 32 ఆకులు, వెనుక చక్రానికి 40. మనిషి బరువు వెనుక పడుతుంది గనుక కర్మాగారంవారు చేసిన ఏర్పాటు అది. మనవారు ఆ వెనుక చక్రాన్నే ఎద్దును చేసినారు.

తక్కిన పని వీధి చివరి మరమ్మతు అంగడిలో జరిగినది. ముందు ఇరుసు నుండి హ్యాండిలు దాకా అదనపు కడ్డీలు, వెనుక క్యారియరుకు దళసరి ఇనుప చట్రం, ఎంత బరువుకూ ఒరగని స్టాండు. ఈ మార్పుల నమూనాలు ఏ ఇంజనీరు కాగితం మీదా లేవు. కొలిమిపనివాని చేతిలో వున్నవి. పాలవాడు వెనుక చక్రానికి అటొకటి, ఇటొకటి క్యానులు వ్రేలాడదీసినాడు. ఇందులో నేర్పు తొక్కడంలో కంటె పాలు పోయడంలో వున్నది: ఒకే క్యాను నుండి పోస్తూ పోతే రెండవది సైకిలును తనవైపు లాగుతుంది. తెలంగాణలో గీత పనివారు కల్లు లొట్లను ఇదే పద్ధతిలో కట్టినారు. చాకలి మూట, అల్యూమినియం గిన్నెల గోపురం, గోనెపట్టాలో చుట్టిన మంచుగడ్డ - ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క కట్టు. వంటగ్యాసు వచ్చిన తరువాత నిండు సిలిండరు ఒక్కటే ఇంచుమించు 30 కిలోలు. కొక్కేలతో నాలుగింటిని తగిలించుకొని ఎదురుగాలిలో పోయే మనిషిని చూచి మనం దారి తొలగి నిలుచున్నాముగాని, అతడు తోలుతున్నది 120 కిలోల బండి అని తలచలేదు.

మునిసిపాలిటీలవారు మాత్రం సైకిలుకు ఏటేటా పన్ను వేసి లోహపు బిళ్ళ ఇచ్చేవారు. బిళ్ళ లేకపోతే జరిమానా, రాత్రి దీపం లేకపోతే జరిమానా. ఆ బిళ్ళ గుమాస్తా సైకిలుకూ పాలవాని సైకిలుకూ ఒక్కటే. పన్ను వసూలులో ఈ సమత్వం పాటించినవారు, రోడ్డు వేసేటప్పుడు ఇద్దరినీ సమంగానే మరచిపోయినారు.

బొంబాయిలో 1890 ప్రాంతంలో మొదలైన డబ్బావాలాల వ్యవస్థ లోకప్రసిద్ధమే. రైలు మోయగలిగినంత దూరం రైలు, ఆపైన సైకిలు. దాని రెండు పక్కలా గుత్తులుగా క్యారేజీలు. వారిని గురించి ఇప్పటికే చాలా వ్రాసినారు గనుక ఇక్కడ విస్తరించను.

అంతకంటె చెప్పవలసినది రాంచీ బొగ్గు సైకిళ్ళను గురించి. 1973లో బొగ్గుగనులన్నీ జాతీయమైన తరువాత, విడిచిన గనులలోనూ మట్టిదిబ్బలలోనూ ఏరిన బొగ్గు చట్టం దృష్టిలో దొంగసొత్తు అయినది. రాంగఢ్ ప్రాంతపు గ్రామస్థులు దానిని కాల్చి పొగ తీసి, గోనెసంచులకెత్తి, 200 మొదలు 250 కిలోల వరకు ఒక్క సైకిలుకు కట్టి, సుమారు 45 కిలోమీటర్ల దూరం నగరానికి తెచ్చేవారు. దానితోనే రాంచీలో టీ అంగళ్ళూ, పూటకూళ్ళ ఇళ్ళూ, పేదల పొయ్యిలూ మండినవి. ఈ సైకిలును ఎవరూ తొక్కరు, తోస్తారు. చుటుపాలు ఘాటు ఎక్కేటప్పుడు ఒకరు ముందు లాగవలెను, ఒకరు వెనుక నెట్టవలెను. దారి పొడుగునా మామూళ్ళు వేరే.

తొక్కక తోసే ఈ పద్ధతి వియత్నాంలో ఒక యుద్ధాన్నే నడిపినది. 1954లో దియన్ బియన్ ఫూ ముట్టడికి ఇరవైవేలకు పైగా సైకిళ్ళు బియ్యాన్ని, మందుగుండును అడవిదారుల వెంట చేరవేసినవి. హ్యాండిలుకు ఒక వెదురుకర్రను పొడిగించి, సీటు దగ్గర మరొక కర్రను నిలిపి, పక్కన నడుస్తూ తోసినారు. సగటున 200 కిలోలు మోసిన సైకిళ్ళలో కొన్ని 300 దాటించినవి. అక్కడ ఆ సైకిళ్ళను ప్రదర్శనశాలలలో పెట్టినారు. రాంచీలో అదే పని చేసినవానికి లభించినది బొగ్గుదొంగ అనే పేరు.

నగరం తన బరువు మోసేవానిని వీధిలోనుండి తొలగించడానికి పూనుకొన్న ఉదాహరణ కలకత్తాలో కనిపించినది. 2013లో అక్కడి పోలీసులు 174 వీధులలో సైకిళ్ళనూ, సైకిలు వాన్లనూ, తోపుడు బండ్లనూ నిషేధించినారు. మోటారు వాహనాల గమనానికి అవి ఆటంకమని కారణం చెప్పినారు. నిరసనలు వచ్చిన తరువాత వీధుల సంఖ్యను తగ్గించినారుగాని ముఖ్యమైన దారులపై ఆంక్ష తొలగలేదు. కోపెన్‌హేగన్‌లో స్వాయర్ల పందెం తిరిగి మొదలై అప్పటికి నాలుగేళ్ళయినది. కలకత్తాలో పాలవారు, పత్రికలవారు, చేపలవారు నిషిద్ధమైన వీధి మొగలోనే దిగి, నిండు బరువుతో సైకిలును నడిపించుకొంటూనో, సందుల వెంట చుట్టు తిరిగో అవే ఇళ్ళకు అవే సరుకులు చేరవేసినారు.