కష్టానికి కారణమెవరు? మేడారం గాథ, స్వయం సహాయ భావన

మేడారానికి మాఘ పౌర్ణమి వేళ, రెండేళ్లకొకసారి తరలివచ్చే భక్తుడు కోరేది సొంత మేలే: సంతానం, ఆరోగ్యం, పంట. కోరిక తీరితే తన బరువుకు సరితూగే బెల్లాన్ని ‘బంగారం’గా సమ్మక్క సారలమ్మల గద్దెలకు సమర్పిస్తాడు. కాని ఆ తల్లుల గాథలో కష్టానికి మూలం మనిషి స్వభావంలో లేదు. కరవులో కప్పం కట్టలేమన్న కోయలపై కాకతీయ ప్రతాపరుద్రుని సేన దండెత్తిందనీ, జంపన్న వాగులో దూకి ప్రాణం విడిచాడనీ, సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైందనీ మౌఖిక సంప్రదాయం చెబుతుంది. శాసనచరిత్రగా కాక జనస్మృతిగా చదివినా, అందులో నింద పడేది రాజు అడిగిన పన్నుపైనే.

1996లో ప్రభుత్వం ఈ జాతరను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే దీనికి విరుద్ధమైన వివరణ బలపడింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ వంటి వ్యక్తిత్వ వికాస గ్రంథాలు గెలుపోటములను వ్యక్తి మనోవైఖరిలో వెదికాయి. 1997 జనవరిలో మొదలైన జన్మభూమి, 1999 నాటి విజన్ 2020 పాలనకు అదే పదజాలాన్ని ఇచ్చాయి. ఆ పుస్తకాలను ప్రభుత్వ ప్రచారమనడం తొందరపాటు. రెండూ ఒకే ఆర్థిక వాతావరణంలో పెరిగాయనడమే సబబు.

ఈ మలుపు స్పష్టంగా కనిపించేది నెల్లూరు జిల్లాలో. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడినప్పుడు ప్రశ్న ఎదుర్కొన్నది ప్రభుత్వ ఆబ్కారీ ఆదాయం. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో రెండోది సడలింది. ఈలోగా అదే జిల్లాలో ‘పొదుపులక్ష్మి’ పేరిట రోజుకొక రూపాయి దాచే సంఘాలు విస్తరించాయి. సర్కారును నిలదీసిన స్త్రీని ఇప్పుడు ఎంత దాచావని అడగసాగారు. అయితే ఇది కేవలం లొంగుబాటు కాదు. బ్యాంకు అప్పు, వడ్డీవ్యాపారి నుంచి కొంత విముక్తి, నలుగురిలో మాట్లాడే అలవాటు సంఘాల వల్లే చాలామందికి దక్కాయి. ఈ పార్శ్వాన్ని విమర్శకులు తేలికగా దాటేస్తారు.

సంఘం నేర్పిన ఉమ్మడి పూచీనే సూక్ష్మరుణ సంస్థలు వసూలుకు వాడుకున్నాయి. ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సు వాటికి నమోదును తప్పనిసరి చేసి, బలవంతపు వసూళ్లను శిక్షార్హం చేసింది. కప్పం గాథలోలాగే, అక్కడ సంజాయిషీ చెప్పుకోవలసింది కట్టలేనివారు కాదు, వసూలు చేసినవారు.