‘అవే ఇన్ ఎ మేంజర్’ మార్టిన్ లూథర్ పాటేనా? ఆధారాల పరిశీలన

డిసెంబరు వస్తే సండేస్కూళ్లలోనూ ఇంగ్లీషు మీడియం బడుల్లోనూ చిన్నపిల్లలకు నేర్పే క్రిస్మస్ పాటల్లో ‘అవే ఇన్ ఎ మేంజర్’ ఒకటి. పశువుల తొట్టిలో పడుకున్న బాలయేసును గురించిన చిన్న పాట ఇది, మొత్తం మూడే చరణాలు. పాత పాటల పుస్తకాలు కొన్నింటిలో దీనికి ‘లూథర్ జోలపాట’ అనే శీర్షిక, రచయితగా మార్టిన్ లూథర్ (1483–1546) పేరు కనిపిస్తాయి. జర్మనీలో మతసంస్కరణకు నాయకత్వం వహించిన ఆ లూథర్ తన పిల్లల్ని నిద్రపుచ్చడానికి ఈ పాట కట్టాడన్న మాట చాలాకాలంగా ప్రచారంలో ఉంది. ఆ మాటకు ఉన్న ఆధారాలు ఏపాటివో చూడటం ఈ వ్యాసం పని. మొదటి రెండు చరణాలు, మూడో చరణం, బాణీలు ఒకే చోట, ఒకే కాలంలో పుట్టినవి కావని ముందుగా గమనించాలి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే గందరగోళం పెరిగినట్టు తోస్తుంది.

1. తొలి అచ్చు ప్రతులు

ఇంతవరకు వెలుగుచూసిన వాటిలో అతి పాత ప్రతిగా ఇప్పుడు చెబుతున్నది 1882 మార్చి 2 నాటిది. అది షికాగో నుంచి వెలువడిన ‘క్రిస్టియన్ సైనోషూర్’ అనే పత్రికలో ఉంది. ఇది ఫ్రీమేసన్ల వంటి రహస్య సంఘాలను వ్యతిరేకించే పత్రికే తప్ప లూథరన్ సంఘాలది కాదు. పిల్లల కోసం కేటాయించిన భాగంలో రెండు చరణాలు అచ్చయ్యాయి. లూథర్ తన పిల్లల కోసం ఈ పాట రాశాడనీ, జర్మన్ తల్లులు చాలామంది తమ పసివాళ్లకు దీన్ని ఇప్పటికీ పాడుతున్నారనీ పైన ఒక పరిచయ వాక్యం ఉంది. రాసి పంపినవారి పేరు లేదు.

1883 నవంబరులో నావికుల కోసం నడిచే ‘సెయిలర్స్ మ్యాగజైన్’లో దాదాపు ఇదే పరిచయంతో పాట మళ్లీ వచ్చింది. 1885లో ఫిలడెల్ఫియాలో వెలువడిన లూథరన్ పిల్లల పాటల పుస్తకంలో బాణీతో సహా చేరింది. 1887లో సిన్సినాటిలోని జాన్ చర్చ్ కంపెనీ ప్రచురించిన పిల్లల పాటల సంపుటిలో జేమ్స్ ఆర్. మర్రే దీన్ని కొత్త బాణీతో ఇచ్చాడు. శీర్షిక కింద మళ్లీ అదే మాట: లూథర్ తన పిల్లల కోసం కట్టినది, జర్మన్ తల్లులు ఇంకా పాడుతున్నది.

పైపైన చూస్తే లూథర్ పక్షాన ముగ్గురు నలుగురు సాక్షులు ఉన్నట్టే ఉంటుంది. కానీ 1882, 1883, 1887 ప్రతుల్లోని పరిచయాలను పక్కపక్కన పెట్టి చూస్తే పదాలు, వాటి వరస దాదాపు ఒకటే. ఒకరిని చూసి ఒకరు ఎత్తిరాసుకున్నారని, లేదా అందరికీ మూలం ఒకటేనని అనుకోవడమే సబబు. ఒకరి మాటను నలుగురు మోసినంత మాత్రాన నలుగురు సాక్షులు కాలేరు. ఆ మొదటి సాక్షి పేరు లేని మనిషి కావడం మరో చిక్కు.

2. లూథర్ రచనల్లో వెతికితే

లూథర్ మరణానికీ ఈ పాట తొలి ముద్రణకూ మధ్య 336 ఏళ్ల ఎడం ఉంది. అంతకాలం ఒక జోలపాట తల్లుల నోళ్లలోనే బతికి ఉండటం అసాధ్యమేమీ కాదు. మన జోలపాటలు ఎన్నో అలా బతికినవే. కాబట్టి కాలవ్యవధి ఒక్కదాన్నే చూసి వాదాన్ని కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది. అయితే అలా బతికిన పాట జర్మన్ భాషలో ఎక్కడో ఒకచోట కనబడాలి. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయ సంగీత విభాగంలో పనిచేసిన రిచర్డ్ ఎస్. హిల్ 1945 డిసెంబరులో ‘నోట్స్’ పత్రికలో ఈ పాటపై విస్తృతమైన వ్యాసం రాశాడు. ఆయనకు దొరికిన జర్మన్ పాఠాల్లో అతి పాతది 1934 నాటిది, అంటే ఇంగ్లీషు పాఠం కంటే అర్ధశతాబ్దం తర్వాతది. 1923లో వెలువడిన వైమార్ ప్రామాణిక సంకలనం 35వ సంపుటంలో లూథర్ పాటలను విమర్శనాత్మకంగా పరిష్కరించి ఇచ్చారు. ఈ పాట అందులో లేదు.

లూథర్ నిజంగా రాసిన క్రిస్మస్ పాట ఒకటుంది: ‘ఫొమ్ హిమ్మెల్ హోఖ్’. దాన్ని తన పిల్లల కోసమే రాశాడని సంప్రదాయం చెబుతుంది. 15 చరణాల ఆ పాట 1535లో అచ్చయింది. ఇప్పుడు వాడుకలో ఉన్న బాణీ 1539 నాటి ముద్రణలో ఉంది. దాదాపు రెండు శతాబ్దాల తర్వాత, 1734లో, బాఖ్ తన ‘క్రిస్మస్ ఒరటోరియో’లో ఆ బాణీని బృందగానంగా మలిచాడు. లూథర్ రాసిన పాట తరతరాల పుస్తకాల్లో ఎటువంటి జాడ వదులుతుందో చెప్పడానికి ఇదే మంచి కొలత. ‘అవే ఇన్ ఎ మేంజర్’కు అటువంటి జాడ కనిపించదు.

అయితే ‘ఫొమ్ హిమ్మెల్ హోఖ్’ చివరి చరణాల్లో ఒకచోట బాలయేసును తన హృదయంలోనే మెత్తటి చిన్న పడక పరుచుకొమ్మని వేడుకునే భావం ఉంది. ఆ చరణాన్ని గురించి విన్నవారెవరో రెండు పాటలనూ కలిపేసి ఉండే అవకాశం లేకపోలేదు. ఇది ఊహ మాత్రమే.

పాటలోని విషయాన్ని బట్టి చేసే వాదం ఇంకొకటి ఉంది. పశువుల అరుపులకు మేలుకున్నా పసివాడు ఏడవలేదని రెండో చరణం చెబుతుంది. క్రీస్తు మానవత్వాన్ని అంత గట్టిగా బోధించిన లూథర్ అలా రాయడని కొందరి అభిప్రాయం. దీనికి ఎక్కువ బరువు ఇవ్వడం మంచిది కాదు. జోలపాటలో బిడ్డ ఏడవడం లేదనడం తల్లులు మామూలుగా అనే మాటే, సిద్ధాంత ప్రకటన కాదు. ఆ మాటకొస్తే లూకా సువార్త రెండో అధ్యాయంలో తొట్టి ఉంది గానీ దాని దగ్గర పశువులు లేవు. ఎద్దు, గాడిద యెషయా గ్రంథం మొదటి అధ్యాయం ఆధారంగా తర్వాతి సంప్రదాయంలో వచ్చి చేరినవి.

3. లూథర్ పేరు ఎందుకు తగిలింది?

1883 లూథర్ 400వ జయంతి సంవత్సరం. అమెరికాలోనూ ఉత్సవాలు జరిగాయి. ఆ సందర్భం కోసం ఎవరో రాసిన చిన్న నాటికలో లూథర్ తన పిల్లలకు పాడినట్టు ఈ పాటను పెట్టి ఉంటారనీ, చూసినవారు అది ఆయన సొంత రచనే అనుకుని ఉంటారనీ హిల్ ఒక ఊహ చేశాడు. లూథర్‌కు సంబంధం లేకపోయినా పెన్సిల్వేనియాలోని జర్మన్ లూథరన్లకు మాత్రం ఈ పాటతో దాదాపు తప్పకుండా సంబంధం ఉండి ఉంటుందని కూడా ఆయన భావించాడు. 1882 ప్రతి బయటపడ్డాక ఈ రెండు ఊహలూ కొంత బలహీనపడ్డాయి. తేదీ జయంతికి ముందుది, పత్రిక షికాగోది, పైగా లూథరన్ పత్రిక కాదు. సన్నాహాలు ఏడాది ముందే మొదలై ఉండవచ్చు గనుక నాటిక ఊహను పూర్తిగా తోసిపుచ్చలేం.

జయంతికి చాలా ముందునుంచే వాతావరణం సిద్ధంగా ఉందనడానికి ఒక చిత్రం ఆధారం. 1843 ప్రాంతంలో కార్ల్ ఆగస్ట్ ష్వెర్డ్‌గెబర్త్ అనే జర్మన్ చిత్రకారుడు లూథర్ కుటుంబం కొవ్వొత్తులు వెలిగించిన క్రిస్మస్ చెట్టు చుట్టూ కూర్చున్నట్టు ఒక ఎన్‌గ్రేవింగ్ చేశాడు. లూథర్ చేతిలో వీణ లాంటి ల్యూట్ వాద్యం, చుట్టూ పిల్లలు. లూథర్ ఇంట్లో క్రిస్మస్ చెట్టు ఉందనడానికి సమకాలీన ఆధారం ఏదీ లేదు. అయినా ఆ బొమ్మ జనం మనసుల్లో నాటుకుంది. వాద్యం పట్టుకుని పిల్లల మధ్య కూర్చున్న మనిషికి ఒక జోలపాట అంటగట్టడం ఎంతసేపు పని?

4. మూడో చరణం

ఇక్కడ వాంగ్మూలం ఒకటి చెబుతుంది, అచ్చు పుస్తకం ఇంకొకటి చెబుతుంది. మెథడిస్టు బిషప్ విలియం ఎఫ్. ఆండర్సన్ దశాబ్దాల తర్వాత గుర్తు చేసుకున్న వివరం ఇది. 1904–1908 మధ్య తాను మెథడిస్టు సంఘపు విద్యా బోర్డులో కార్యదర్శిగా ఉండగా పిల్లల దినోత్సవ కార్యక్రమం కోసం ఈ పాట కావలసివచ్చింది. లూథరన్ పుస్తకంలో దొరికిన రెండు చరణాలకు ‘రచయిత తెలియదు’ అని ఉంది. మూడో చరణం ఉంటే బాగుండునని ఎదురుగదిలో ఉన్న జాన్ టి. మెక్‌ఫార్లండ్‌తో అంటే, ఆయన గంటలోపే రాసి తెచ్చిచ్చాడు. ఎదురుగది, గంట వ్యవధి వంటి వివరాలతో కథనం నమ్మదగినదిగానే అనిపిస్తుంది. ఈ కథనాన్ని బట్టే చాలా పుస్తకాలు మూడో చరణం కింద మెక్‌ఫార్లండ్ పేరు వేశాయి.

కానీ అదే చరణం 1892లో చార్లెస్ హెచ్. గాబ్రియేల్ వెలువరించిన ‘గాబ్రియేల్స్ విన్‌యార్డ్ సాంగ్స్’లో అప్పటికే ఉంది. ఆండర్సన్ చెప్పిన సంఘటనకు ఇది కనీసం 12 ఏళ్ల ముందు. మెక్‌ఫార్లండ్ తాను ఎక్కడో చదివిన చరణాన్నే గుర్తుచేసుకుని రాసిచ్చి ఉండవచ్చు. ఆండర్సన్ జ్ఞాపకం పొరపడి ఉండవచ్చు. ఏదైనా, మెక్‌ఫార్లండ్ రచయిత అనే వాదం తేదీ దగ్గరే ఆగిపోతుంది. గాబ్రియేలే స్వయంగా రాసి ఉంటాడా అంటే, ఆయన పాటలు రాయగల మనిషి కాబట్టి అనుమానానికి తావుంది. రుజువు మాత్రం లేదు.

5. బాణీలు

ఇందులో చిక్కు తక్కువ. హిల్ వ్యాసం ఉపశీర్షిక ప్రకారమే ఈ పాటకు 41 బాణీలున్నాయి. నిలిచినవి ప్రధానంగా రెండు. మర్రే 1887 బాణీ అమెరికాలో ఎక్కువ వాడుక. అది పై పంచమంలో మొదలై ప మ గ గ రి స స ని ధ అంటూ ఒక్కో స్వరం దిగుతూ కింది పంచమం చేరుతుంది. విలియం జె. కర్క్‌పాట్రిక్ 1895లో ఇచ్చిన బాణీ బ్రిటన్‌లో ఎక్కువ. అది కింది పంచమం నుంచి షడ్జానికి ఎక్కుతూ మొదలవుతుంది. మొదటి పంక్తి దిగుతోందా ఎక్కుతోందా అన్నది వింటే ఏ బాణీయో తెలిసిపోతుంది. మన దేశంలో రెండూ వినిపిస్తాయి. మర్రే బాణీకి తర్వాత కొన్ని పుస్తకాలు ‘కార్ల్ ముల్లర్’ అనే పేరు తగిలించాయి. ఆ పేరు గల స్వరకర్తకు ఈ బాణీతో సంబంధం ఉన్నట్టు ఆధారం లేదు. 1887 పుటలో ఉన్నవి మర్రే పొడి అక్షరాలే గనుక బాణీ ఆయనదేనని హిల్ నిర్ణయించాడు.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి. 1885 నాటి ఫిలడెల్ఫియా పుస్తకాన్ని ప్రచురింపజేసింది అమెరికా లూథరన్ ‘జనరల్ కౌన్సిల్’. ఆ కాలంలో రాజమండ్రి లూథరన్ మిషన్‌ను నడిపింది కూడా ఆ సంస్థే. దీన్నిబట్టి పాట గోదావరి తీరానికి ఆ దారినే వచ్చిందని చెప్పడం దూకుడే అవుతుంది. వెతకవలసిన చోట్లలో మిషన్ పాత పాటల పుస్తకాలు ఒకటని మాత్రం అనవచ్చు.

ఇప్పుడున్న ఆధారాల మేరకు మొదటి రెండు చరణాలు 1882 నాటికి అమెరికాలో ఉన్నాయి, వాటి రచయిత తెలియదు. మూడో చరణం 1892 నాటికి ఉంది, దాని రచయితా తెలియదు. లూథర్ రచన అనడానికి పేరులేని ఒక్క పరిచయ వాక్యం తప్ప మరేమీ లేదు. ఈ డిసెంబరులో కేరల్స్ కార్యక్రమ పత్రాలు అచ్చువేయించేవారు ఈ పాట కింద లూథర్ పేరు తీసేసి ‘రచయిత తెలియదు’ అని వేయించాలని మనవి.